ఆదవాని సీమయందలి చిన్ననీటి సాధనములు

కర్నూలు మండలపు పశ్చిమభాగమున, ఆదవానికిని గుంతకల్లునకును నడుమ, రైలుమార్గముమీఁద ఆస్పరి యను గ్రామము గలదు. ఉత్తరమునఁ దుంగభద్ర, పడమట హగరి, తూర్పునఁ బత్తికొండ ప్రాంతపుఁ బొలములలోఁ బుట్టి కర్నూలువద్దఁ దుంగభద్రతోఁ గూడు హంద్రి. ఈ మూఁడేఱుల నడుమ నున్నను, ఏ యేటి నీరును దానంతట నెక్కిరాని మెట్టసీమ యిది. వాన సగటున నేఁటికి 22 మొదలు 25 అంగుళములు. అందును బెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే కురియును. జూన్‌లో విత్తినవాఁడు ఆగస్టులో నాకాశముఁ జూచుచుఁ గూర్చుండవలసినదే.

చరిత్రకారు లీసీమను స్మరించినప్పుడెల్ల ఆదవాని కోటనే స్మరించిరి. విజయనగరముపిదప విజాపురమువారు, వారిపిదప మొగలాయీలు, తరువాత నైజాము సోదరుఁడగు బసాలతుజంగు, 1786లో ముట్టడించి పట్టుకొన్న టిప్పూసుల్తాను, ఇట్లు కోటకుఁ బ్రభువులు మాఱుచు వచ్చిరి. 1800లో నైజాము దీనిని దత్తమండలములతోఁ గూడ నింగ్లీషు కంపెనీవారి కిచ్చివేసెను. పిదప 1953 అక్టోబరు 1వ తేది ఆంధ్రరాష్ట్ర మేర్పడుదాఁక ఆదవాని, ఆలూరు తాలూకాలు బళ్లారి మండలమునఁ జేరియుండెను. కోటయొక్క వృత్తాంతము వ్రాయుటకు శాసనములును దవారీఖులును గలవు. బావియొక్క వృత్తాంతమునకో, రెవిన్యూ లెక్కలను, మండల చరిత్రములను వెదకి యేఱుకొనవలసియుండును. అయినను నాలుగైదెకరముల కమతము గలవాఁడు నీటికై దేని నాశ్రయించెను, దానివలన నేమి బాగుపడెను, ఏమి కోల్పోయెను అనునది రాజవంశావళికంటెఁ దక్కువ విచారింపఁదగినది కాదు.

నీటిసాధనముల మేలుకీడులను దూఁచునప్పుడు, ఎంత నీరు వచ్చును, ఎంత వ్యయమగును అను రెండు ప్రశ్నలే తఱచుగా వేయఁబడుచున్నవి. ఈ సీమ చరిత్రమును బరిశీలింపఁగా మూఁడవ ప్రశ్నయే మొదటిదిగాఁ దోఁచుచున్నది. నీరు తప్పిన యేఁట ఆ నష్టమెవరిది?

ఈ ప్రాంతమునఁ బెద్దభాగము నల్లరేగడి, తక్కినది యెఱ్ఱనేల. రెండింటి గుణములును వేఱు. నల్లరేగడి వానకు సాగి, యెండకు నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలగుండ తొలకరినీరు లోఁతునకు దిగి నిలుచును. మీటరు లోఁతు గల మంచి రేగడి పైరునకు అందఁదగిన నీటిని సుమారు 150 మొదలు 200 మిల్లీమీటర్లదాఁకఁ దనలో నిలుపుకొనఁగలదు. ఎకరమునకు లెక్కింపఁగా నది 600 మొదలు 800 ఘనపు మీటర్ల నీరు. కావుననే ఇచ్చటి కాఁపు జొన్నను, ప్రత్తిని ఆలస్యముగా విత్తి, వాన వెలిసిన పిదపఁ జలికాలపు మంచులోఁ బండించుకొనుచుండెను. గుంటకతోఁ బైమన్ను కదల్చి నెఱ్ఱెలను బూడ్చుట, గొఱ్ఱుతో సాలు దూరముగా విత్తుట మున్నగు పనులన్నియు నిజమునకు నీటిపనులే. నీటిపారుదల గ్రంథములలో గుంటకకుఁ జోటు దొరకకపోవుట విచిత్రము. బళ్లారికి సమీపముననున్న హగరి వ్యవసాయక్షేత్రమునందు 1930 దశాబ్దమున జరిగిన మెట్టసేద్యపుఁ బరిశోధనలును, గట్లు వేయుట, లోఁతుగాఁ గదల్చుట, పలుచగా విత్తుట అనువానినే ముఖ్యముగాఁ బరీక్షించినవి.

ఎఱ్ఱనేల యట్లు నీరు దాఁచదు. కాని నీటిని క్రిందికి వదలును. అందుచేత బావులు సాధారణముగా నెఱ్ఱనేలలలోను, వంకల యొడ్డులందును వెలసినవి. రేగడిక్రింద బావి త్రవ్వినను నీరు పలుచోట్ల నుప్పగా నుండును. ఆ నీరు పెట్టిన కొన్ని యేండ్లకే నేల సవుడు వాఱును. అనఁగా నీటిని దాఁచు నేలకు బావి యొప్పదు, బావి యొప్పిన నేల నీటిని దాఁచదు. ఈ సీమలోని సాధనము లన్నిటి తారతమ్యమును ఈ మాటనుండియే మొదలుపెట్టి చూడవలెను.

దీనిని లెక్కసేయక పెద్దకాలువ త్రవ్వినవారి కేమి జరిగెనో తెలిసికొనుటకు ఆదవానినుండి కొంచెము తూర్పునకుఁ బోవలెను. కర్నూలునకు ఎగువను సుంకేసులవద్దఁ దుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడపదాఁక సుమారు 190 మైళ్ల కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860 దశాబ్దమునఁ ద్రవ్వించిరి. గోదావరి యానకట్టచేఁ గీర్తిగాంచిన సర్ ఆర్థరు కాటనుదొర కలగన్న విశాలమైన తుంగభద్రా ప్రణాళికలో నిది యొకభాగము. 1871 నాఁటికి నీరు పాఱెను; నీరు పుచ్చుకొనువారే కనఁబడలేదు. కంపెనీవారు రైతుల మూఢత్వమును నిందించిరి. గోదావరి డెల్టాలోఁ బనిచేసిన లెక్క యిచ్చటఁ బనిచేయకపోవుటకుఁ గారణము మూఢత్వము కాదు. కాలువక్రింద నున్నది చాలవఱకు రేగడి. మంచి వాన కురిసిన యేఁట జొన్నకు, ప్రత్తికిఁ గాలువనీ రక్కఱలేదు. ఎక్కువైనచో ముప్పు కూడ. వరి వేయవలెనన్న నేల చదును చేయవలెను, మళ్లు కట్టవలెను, ఎరువు, ఎద్దులు, కూలి కావలెను, ఆపై నీటితీరువ చెల్లింపవలెను. వాన కురియని యేఁట మాత్రమే నీరు కావలెను. అట్టి యేఁటికై ప్రతియేఁటను దీరువ చెల్లింప నెవఁ డొప్పుకొనును? ధాత సంవత్సరపుఁ గఱవువేళ నీరు కావలసినవారు పెరిగిరి. కఱవు తీఱఁగానే మఱల తగ్గిరి. కడకు 1882లో ప్రభుత్వము కంపెనీనుండి కాలువను గొనవలసివచ్చెను. తరువాతి కాలమున నంద్యాల ప్రాంతపు రైతులు ఆ కాలువచేతనే వరి పండించి బాగుపడిరనుట నిజమే. కాని దానికిఁ దరతరముల కాలము పట్టినది. ఆ యాలస్యపు వ్యయము చిన్నరైతు భరింపఁదగినది కాదు.

కాలువకుఁ జాల పూర్వము నుండియు నున్నది చెఱువు. రాయలసీమ చెఱువులనుగూర్చి వ్రాయువా రెవ్వరును విడువరాని శాసనము కడప మండలమునందలి పోరుమామిళ్లది. మొదటి బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు, భవదూరుఁ డని నామాంతరము గలవాఁడు, 1369లో నాచెఱువును గట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, ఱాతికై నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసిన ట్లందుఁ జెప్పఁబడినది. అంతకంటె ముఖ్యము, చెఱువునకుఁ గావలసిన పండ్రెండంగములును, వర్జింపవలసిన యాఱు దోషములును అందు లెక్కింపఁబడినవి. కట్టనుండి నీరు చెమర్చుట, సవుటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెఱువునడుమ మిట్ట, నీరు తక్కువయై నేల యెక్కువగుట, నేల తక్కువయై నీ రెక్కువగుట, ఇవియే యా దోషములు. ఇందుఁ గడపటి రెండింటిని గలిపి చదివినచో, ఆకాలపు జలశాస్త్రవేత్తలు చెఱువును నీటిరాశిగాఁ గాక, నీటికిని నేలకును గల నిష్పత్తిగాఁ దలఁచిరని స్పష్టమగును. పొలిమేర దోషము మఱియుఁ జమత్కారమైనది. అది నేలయొక్క దోషము కాదు, కాపాడు బాధ్యతయొక్క దోషము. ఇద్దఱిదైన కట్టను మరమ్మతు చేయువాఁ డుండఁడు.

ఆదవాని సీమలో రేగడిమైదానములు చదునైనవగుటచేతఁ జెఱువునకుఁ గొండలనడుమ దొరకు నిఱుకుచోటు లరుదు. కట్ట పొడవుగాఁ బోయవలెను, నీరు పలుచగాఁ బరచుకొని యెండకు నావిరి యగును, మెత్తని రేగడియొండ్రు కొట్టుకొనివచ్చి కొలఁదియేండ్లలోఁ జెఱువును బూడ్చును. కావున నిచ్చటఁ బెద్దచెఱువులకంటె వంకల కడ్డముగాఁ గట్టిన కుంట లెక్కువ. కుంటలోని నీరు పొలమునకుఁ బాఱుటకన్న, దానిక్రింది బావులలోనికి దిగుటయే దాని ప్రయోజనము. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమునందలి రాజనీతిలో, దేశము చిన్నదైనను కుంటలును గాలువలును ద్రవ్వించి, పేదకాఁపునకుఁ బన్నులోఁ జులుకన చేసినచో రాజున కర్థమును ధర్మమును బెరుగునని చెప్పఁబడియుండుట పండితు లెఱిఁగినదే. కుంటయును బన్నును నొకేచోట ముడివడియుండుట గమనింపఁదగినది.

ఆ ముడియే దశబంధము. చెఱువునో బావినో తన ధనముతోఁ గట్టించి లేక బాగుచేయించి, దానిని జెడకుండఁ గాపాడుటకుఁ బూనుకొన్నవానికి, దానిక్రింది యాదాయమునఁ గొంతభాగము, పేరునుబట్టి పదియవవంతు, మాన్యముగా విడువఁబడుచుండెను. దత్తమండలములం దీయాచారము మిక్కిలి వ్యాపించియుండెను. దీనియందలి నేర్పు కట్టించుటకు బహుమతి యిచ్చుటలో లేదు; కాపాడుచున్నంతకాలమే ఫలము దక్కునట్లు చేయుటలోఁ గలదు. కట్ట తెగి పంట పోయినచో మాన్యదారునకును బోవును. లాభనష్టములు రెండును నొకే కట్టమీఁద నిలిచినవి.

ఇఁకఁ జిన్నకమతపువాని యసలైన సాధనము బావి. బావినుండి నీరు తోడుటకు మూఁడు మార్గములు వాడుకలో నుండెను. లోఁతు తక్కువైన వంకగుంటలనుండి యిద్దఱు మనుష్యులు త్రాళ్లతో నూఁపి చల్లు గూడ, అంతకంటె లోఁతైనచోట నొకఁడు మ్రానుమీఁద నడచుచు నింకొకఁడు బాన ముంచుచు నడపు నేతము, పదునైదు ఇరువది యడుగులు మించినచో నెద్దులచే లాగించు కపిల. ఏతమువంటి దానిని నైలునదీ తీరమున నీజిప్టువారు వేలయేండ్లనాఁడే యెఱుఁగుదురు. గూడకును నేతమునకును నెద్దులు అక్కఱలేదు, మనుష్యులు కావలెను. ఇంటిలో నలుగురు చేతికెదిగినవారుండి యెద్దులు లేనివాఁడు ఏతమెక్కెను. ఎద్దులుండి మనుష్యులు తక్కువైనవాఁడు కపిల కట్టెను. ఏది శ్రేష్ఠమను ప్రశ్నకు సాధనమునందుఁగాక యింటియందే సమాధాన ముండెను.

కపిలయొక్క పనితీరు నేఁటి యువకులలోఁ బెక్కుర కంటఁబడినది కాదు. బావియొడ్డున రెండు స్తంభములు, వానినడుమ గిలక. గిలకమీఁదుగా మోకు, మోకుకొనను దోలుతోఁ గుట్టిన బాన. బానక్రింద నొక తోలుతొండము, దానికి వేఱొక సన్నని త్రాడు. ఎద్దులు పల్లముగాఁ ద్రవ్విన బాటలో దిగుచు మోకును లాగును. బాన పైకి వచ్చువఱకుఁ దొండము మడిచియుండి, ఒడ్డు చేరఁగానే సన్నత్రాటిచేఁ జాఁపఁబడి నీటిని దొట్టిలోనికిఁ గ్రుమ్మరించును. తోలేవాఁడు మోకుమీఁదఁ గూర్చుండి తన బరువును గూడ నెద్దుల కక్కఱకు వచ్చునట్లు చేయును. బాట పల్లముగా నుండుటలోనే యుపాయ మున్నది. దిగునప్పు డెద్దుల శరీరభారమే పనిచేయును, ఎక్కునప్పుడు బాన యొట్టిదై యుండును.

దీని శక్తిని లెక్కించి చూడవచ్చును. ఎకరమున నంగుళము నీరు నిలుపుటకు 22,600 గ్యాలన్లు కావలెను. ముప్పది గ్యాలన్ల బాన యనుకొన్నచో 750 మాఱులకుఁ బైగాఁ దోడవలెను. నిమిషమున కొక మాఱు తోడినను పండ్రెండున్నర గంటలు. తోఁటకుఁ బదిదినముల కొకతూరి రెండంగుళముల తడి కావలెనన్న, దినమున కెనిమిది గంటల పనిచొప్పున నెకరమునకు మూఁడు దినములు చెల్లును. కావున నొక కాఁడి యెద్దులు, విశ్రాంతియు, దుక్కిపనియు విడిచినను, మూఁడెకరములు దాఁటి తడుపలేవు, రెండెకరములే తఱచు. ఆ రెండెకరములలో మిరప, ఉల్లి, రాగి, పొగాకు పండించి తక్కిన మెట్టకుఁ గావలసిన పెట్టుబడి సంపాదించుకొనుట యీసీమ కాఁపుల పద్ధతి. కపిల కున్న లోపము, గుణము రెండును నొక్కటియే. అది బావి యూటకు మించి తోడఁజాలదు. బావి యొట్టి యగుటకు ముందే యెద్దు లలసిపోవును.

బావి త్రవ్వుట కాఁపు సొంత వ్యయముతోఁ జేసిన పని. దానిమీఁదఁ బన్ను విధించుట న్యాయమా? దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు ముఖ్య కలెక్టరుగా నుండిన తామసు మన్రో యీప్రశ్నను గట్టిగాఁ జర్చించెను. ఆయన పొలములన్నిటిని గొలిపించి శిస్తులు గట్టించినవాఁడు. తాను గట్టించిన శిస్తు హెచ్చని తానే కనుఁగొని, 1807 ఆగస్టు 15వ తేదీ నివేదికయందు, ఎల్ల భూములమీఁదను నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, బావులచేఁ దడుపఁబడు భూములకును, ఏఱులనుండియు వంకలనుండియు యంత్రములచే నీరెత్తి తడుపు భూములకును మఱి 8 వంతులు చేర్చి 33 వంతులు తగ్గింపవలెననియుఁ గోరెను. అయితే యొక నిబంధన. బావులను, గట్లను రైతులు తమ ఖర్చుతోనే బాగుచేసికొనుచుండవలెను. చిన్నచెఱువుల మరమ్మతును రైతులు వహించిన చోట్లకుఁ గూడ నిట్టి తగ్గింపునే సూచించెను. దశబంధముయొక్క తత్త్వమునే కలెక్టరు తన లెక్కలభాషలోనికి మార్చెననవచ్చును.

పైయధికారు లాసూచనను వెంటనే యంగీకరింపలేదు. గ్రామములను గుత్తల కిచ్చు పద్ధతి ప్రవేశపెట్టఁబడెను. గుత్తదారులలోఁ బెక్కండ్రు చెడిరి, వారిక్రింది కాఁపులును జెడిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరై వచ్చిన పిదపనే, మెట్టకును మాగాణికిని 25, బావిక్రింది తోఁటలకు 33 వంతులు తగ్గింపు దత్తమండలములలో నమలునకు వచ్చెను. పదుమూఁడేండ్లు! ఆ నడుమ బావి త్రవ్విన కాఁపు తన కష్టమునకుఁ దానే పన్ను చెల్లించెను. రైతు తన భూమిలోఁ దన ఖర్చుతో త్రవ్విన బావికై మెట్టశిస్తుకుఁ బైని హెచ్చుశిస్తు విధింపరాదను నియమము మద్రాసు ప్రభుత్వమునందు స్థిరపడుటకు 19వ శతాబ్ది మధ్యము రావలసివచ్చెను. ఈసీమలో బావు లేల తక్కువ యని యాశ్చర్యపడిన దొరలకు రాతినేల యొక్కటియే యుత్తరము గాదు.

మన్రో పదవి విడుచుటకుఁ బూర్వము దత్తమండలములను గడపటిసారి చూడవచ్చి, 1827 జూలై 6వ తేది యాస్పరికి సమీపముననే యున్న పత్తికొండలోఁ గలరావలన మరణించెను. మద్రాసునందు శిల్పి చాంట్రీ మలచిన గుఱ్ఱముమీఁది విగ్రహము నిలుపఁబడెను. పత్తికొండలోనో, ప్రభుత్వము మెట్లబావిని ద్రవ్వించి తోపు వేయించెను. రెండు జ్ఞాపకచిహ్నములలో నీసీమవారి కక్కఱకు వచ్చిన దేదో చెప్పనక్కఱలేదు.

1876-78 నాఁటి ధాత, ఈశ్వర సంవత్సరముల కఱవు సాధనములన్నిటికిని బరీక్షయయ్యెను. బళ్లారి మండలము మద్రాసు రాజధానిలో నత్యంతము దెబ్బతిన్నవానిలో నొకటి. కుంట లెండెను, వానిక్రింది బావు లెండెను. అంతకంటె ఘోరము, మేఁత లేక యెద్దులు చచ్చెను. ఊట మిగిలిన బావులు సైతము తోడువా రెద్దులు లేక నిరుపయోగము లయ్యెను. కపిల బావిమీఁదఁగాక పసరముమీఁద నాధారపడిన సాధనమని యప్పుడు తెలిసెను. కఱవుపిదప 1880 నాఁటి క్షామసంఘము నీటిపనులను బ్రోత్సహింపఁ జెప్పెను. 1883లో భూమిని బాగుచేయుటకును, 1884లో వ్యవసాయమునకును ఋణము లిచ్చు చట్టములు వచ్చెను. తకావి యని జనులు వానిని బిలిచిరి. తకావిచే బావి త్రవ్వినవానికి నీరు పడినచో మంచిదే. పడకున్నచో బావి పోయినను నప్పు నిలిచెను, తాకట్టు భూమిపై నుండెను. దశబంధమునందు కట్టతోఁబాటు కూలిన భార మిచ్చట కాఁపు నెత్తిననే మిగిలెను. 20వ శతాబ్ది మొదటఁ జాటర్టను అను నింజనీరు మద్రాసు రాజధానిలోఁ జమురు ఇంజనులతో నీరు తోడుట నెన్నియో చోట్లఁ బరీక్షించి ప్రచారము చేసెను. నీరు సమృద్ధిగానున్న కోస్తాబావులకు యంత్రము తగినది. రెండెకరములకు మాత్రమే యూట గల బావికి యంత్ర మేమి చేయును?

తుంగభద్రా జలాశయముకథ సుప్రసిద్ధము. 1945లో శంకుస్థాపనము, 1953లో నీటివిడుదల. దాని దిగువకాలువచే ఆలూరు, ఆదవాని, ఎమ్మిగనూరు, మంత్రాలయము ప్రాంతములలో సుమారు లక్షన్నర యెకరములకు నీరు నిర్ణయింపఁబడెను. కాలువక్రింద భూములున్నవారు బాగుపడిరి. ఎమ్మిగనూరు వైపు పొలములఁ జూచినవారు దీనిని గాదనరు. కాని కాలువ పల్లమునకుఁ బాఱును. మెట్టపైనున్న యూళ్లు దాని కందవు. జలాశయము మొదట 133 టి.ఎం.సి.లు పట్టునట్లు కట్టఁబడినను, ఒండ్రు పేరుకొనుటచే నిటీవలి కొలతలలో 105కు దగ్గఱగాఁ దగ్గినది. కాలువ చివరివారికి ముందుగాఁ గొఱఁత తెలియుచున్నది. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి 33 తలుపులలోఁ 19వ దాని గొలుసు తెగి తలుపు కొట్టుకొనిపోయినప్పుడు, దానిని మూయుటకు జలాశయమునుండి యపారమైన నీరు విడిచివేయవలసివచ్చెను. కపిలమోకు తెగినచో నొక కాఁపు పని యొకపూట యాఁగును. ఈగొలుసు తెగినప్పుడు మూఁడు రాష్ట్రముల రైతులు నూపిరి బిగఁబట్టిరి. అందువలనఁ బెద్దపని కూడదని కాదు. దాని నష్టము దూరముననున్నవారి చేతిలో నుండునని మాత్రము తెలియవలెను.

కాలువ యెక్కని మెట్టలకు వచ్చినది గొట్టపుబావి. విద్యుచ్ఛక్తితోఁ బనిచేయు నీసాధనము కపిలకున్న హద్దును దొలగించెను. ఇచ్చటను లెక్క యొకటి చూడఁదగును. ఐదశ్వశక్తుల యంత్రము, సగము సామర్థ్యముతో, 200 అడుగుల లోఁతునుండి తోడినచో, ఎకరమున కంగుళము నీరు పెట్టుటకు సుమారు తొమ్మిది గంటలు పట్టును. ముప్పదియడుగుల బావిలోఁ గపిల దానినే పండ్రెండున్నర గంటలలోఁ జేసెను. తేడా మూఁడున్నర గంటలే! యంత్రము వేగమైనదని కాదు, నీరు దూరమైనదని దీని యర్థము. యంత్రమునకు మేఁత లేదు, అలసట లేదు. 2004 నుండి రైతునకు దాని విద్యుత్తునకు వెలయును లేదు. కావున నొక్కొక్క నీటిచుక్కకు రైతు చెల్లించు వెల సున్న. బోరు వేయించుటకుఁ బెట్టు వెల మాత్రము సున్న గాదు. ఈసీమ క్రింద నున్నది గట్టిరాయి. పగులు దొరికినచో నీరు, దొరకనిచో ధూళి. ఒకటి యెండినచో నింకొకటి, అదియు నెండినచో మఱింత లోఁతు. తోడుట కయ్యెడి వ్యయమును రాజ్యము భరించి, వెదకుటలోని నష్టమును గాఁపునకు విడుచుట మన్రోదొర తలఁచిన దానికిఁ దలక్రిందులు. 2002 నాఁటి నీరు, భూమి, చెట్ల చట్టము బావుల నమోదును, ఎడమును నిర్దేశించినను, ఎండిన పైరు ముందర నిలిచినవాని నాచట్ట మాఁపఁజాలదు.

బోరుతోఁబాటు బిందుసేద్యము వచ్చెను. ఆంధ్రప్రదేశమునందుఁ దద్విషయకమైన సూక్ష్మసేద్య ప్రణాళిక 2003లో నారంభమయ్యెను. గొట్టములగుండ నీటిని మొక్క మొదటికే చేర్చు నీపద్ధతి మడవలోఁ బాఱు నీటిలో నావిరియై పోవు భాగమును దగ్గించును. కలుపు తగ్గును, ఎత్తుపల్లపు నేలయు నక్కఱకు వచ్చును. పత్తికొండ, ఆస్పరి ప్రాంతములఁ దమాటపంట వ్యాపించుటకు దీని సహాయము గలదు. లోపములును గలవు. నీటిలోని సున్నము రంధ్రములను బూడ్చును. వానచేఁ గడుగఁబడని యుప్పు మొక్కచుట్టు వలయముగాఁ జేరును. మిగిలిన నీటిని భూమిలో విడువక, రైతు మఱియొక యెకరము నాటును. అది వాని తప్పు గాదు, అప్పు తీర్చుకొను తొందర. అందుచేఁ బొలములో నీరు పొదుపైనను బావిలో నీరు పెరుగదు.

పంటకుంటలను గూడ నిట్లే తూఁచి చూడవలెను. పదిమీటర్ల పొడవు, పదిమీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోఁతు గల కుంట గోడలు నిలువుగా నున్నవనుకొన్నను, నందుఁ బట్టునది 200 ఘనపు మీటర్లు. ఎకరమునకు రెండంగుళముల తడి. అదియు వేసవి యెండలో దినమునకు సెంటిమీటరుదాఁక నావిరి యగును, ఎఱ్ఱనేలలో నింకును. కావున నది పంటను బండించు సాధనము కాదు. సెప్టెంబరులో వాన మొగము చాటువేసినప్పుడు వేరుసెనగను, ప్రత్తిని రెండు వారములు బ్రతికించు సాధనము. ఒక యెకరపు మంచి రేగడి తనలో దాఁచునది దీనికి మూఁడు నాలుగు రెట్లని పైనఁ జూచితిమి. రేగడిరైతు కుంటకంటె ముందు గట్టును, గుంటకను జూచుకొనుట మేలు. ఎఱ్ఱనేలరైతునకుఁ గుంట తనకుఁ గాక క్రిందిబావికి మే లొనర్చును, ఆబావి యింకొకనిదైనచోఁ దగవులాటకుఁ గారణమగును.

నష్టము నెవఁడు భరించునన్న ప్రశ్నకు నిటీవలఁ గొందఱు రైతులు తామే సమాధానము వెదకుట కొనియాడఁదగినది. 2003 పిదపఁ గొన్నియేండ్లు, కర్నూలు మొదలగు నేడు కఱవు మండలములలో, రైతులే వానను, బావిమట్టములను గొలిచి, మిగిలిన నీటినిబట్టి రబీపైరును నిర్ణయించుకొను పని యైక్యరాజ్యసమితి యాహార వ్యవసాయసంస్థ సహాయముతో నడచెను. అందు నిర్బంధము లేదు, లెక్కమాత్రమే కలదు. బావిలోని నీరు కంటఁబడినచోఁ గాఁపు వరి మాని జొన్నకుఁ దిరుగునని యది చూపినది. పొరుగున నున్న అనంతపుర మండలమునఁ గొన్ని గ్రామములలో నంతకంటెను గట్టి కట్టుబాటు పుట్టినది. బోర్లున్నవారు తమ బోర్లను గొట్టములతో నొకదానితో నొకటి కలిపి, బోరులేని పొరుగువాని వేరుసెనగకును వాన తప్పినప్పు డొకటి రెండు తడు లిత్తురు. పదియేండ్లదాఁక నెవ్వరును గ్రొత్తబోరు వేయరాదని యందఱు నొడంబడుదురు. ఒకని బోరు చెడినప్పుడు తక్కిన బోర్ల నీరు వాని పొలమునకుఁ జేరును.